బ్రౌజర్ మార్చాలా, బరువు తగ్గించాలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బ్రౌజర్ల మీదే ఉన్నాయి. అందుకే మిగతావి వచ్చే సంచికకు వాయిదా వేసి వీటినే తీసుకున్నాను. ఆఫీసుల్లో, స్కూలు ల్యాబుల్లో కంప్యూటర్ల బాగోగులు చూడటం నా పని. ఈ ఫిర్యాదులన్నీ నేను రోజూ వినేవే.

ప్రశ్న: మాది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. క్రోమ్ తెరిస్తే చాలు, ఫ్యాన్ గోల మొదలవుతుంది. ఎవరో చెప్పారని ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, ఒపెరా, బ్రేవ్ అన్నీ వేసి చూశాను. కొత్తలో ఏదైనా బాగానే పరిగెత్తుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది. వీటిలో నిజంగా ఫాస్ట్ ఏది సార్?

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. కొత్తలో అన్నీ బాగానే పరిగెత్తాయన్నారు కదా. కొత్తగా వేసిన బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి మనం అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఉండవు, మూయకుండా వదిలేసిన ట్యాబ్‌లు ఉండవు, అడిగిందే తడవుగా ఒప్పేసుకున్న నోటిఫికేషన్లు ఉండవు. సామాను చేరని ఇల్లు విశాలంగా కనిపించడంలో వింతేముంది? నెల తిరిగేసరికి అదే సామాను ఇక్కడా చేరింది.

మీరు వేసి చూసిన అయిదింటిలో నాలుగింటికి లోపల ఉన్న ఇంజన్ ఒకటే. క్రోమ్, ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ నాలుగూ క్రోమియం అనే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) ప్రాజెక్టు మీద కట్టినవి. పేజీని గీసే బ్లింక్, జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 అన్నింటిలోనూ అవే. ఒపెరా 2013లో తన సొంత ఇంజన్ వదిలేసి ఇటు వచ్చింది. మైక్రోసాఫ్ట్ కూడా 2020 జనవరిలో ఎడ్జ్‌ను క్రోమియం మీదికి మార్చేసింది. కాబట్టి ఎడ్జ్ నుంచి ఒపెరాకి మారినప్పుడు మీకు పైన మెనూ మారింది, అడుగున పని జరిగే తీరు పెద్దగా మారలేదు. వేరే ఇంజన్ కావాలంటే ఎక్కువమంది వాడేవాటిలో రెండే మిగులుతాయి. గెకో మీద నడిచే ఫైర్‌ఫాక్స్ ఒకటి, వెబ్‌కిట్ మీద నడిచే ఆపిల్ వారి సఫారీ ఒకటి.

'ఫలానా బ్రౌజర్ ఇంత శాతం ఫాస్ట్' అనే ప్రకటనలు చూసి మనసు పాడు చేసుకోకండి. వేగాన్ని కొలవడానికి బెంచ్‌మార్క్‌లనే పరీక్షలుంటాయి. గూగుల్ వారికి ఆక్టేన్ అనే పరీక్ష ఉండేది. బ్రౌజర్లు తయారుచేసేవాళ్లు ఆ పరీక్షలో మార్కుల కోసమే ఇంజన్లను సానబెట్టడం మొదలుపెట్టారు. అక్కడ స్కోరు పెరిగినా మామూలు వెబ్‌సైట్లలో ఆ లాభం కనిపించేది కాదు. చివరికి 2017లో గూగులే దాన్ని పక్కన పెట్టేసింది. ఇప్పుడు నమ్మదగ్గది స్పీడోమీటర్. దాని మూడో వెర్షన్‌ను ఆపిల్, గూగుల్, ఫైర్‌ఫాక్స్ వారైన మొజిల్లా కలిసి తయారుచేసి 2024 మార్చిలో విడుదల చేశాయి. పోటీదారులు ఒకే కొలబద్దకు ఒప్పుకోవడం మంచి విషయం. జాబితాలో పనులు చేర్చడం, టిక్ పెట్టడం, చార్టులు గీయడం, వార్తల సైటులో తిరగడం లాంటి పనులు చేయించి, ఎంత చురుగ్గా స్పందిస్తుందో అది చూస్తుంది. అయితే మీ ఇంటర్నెట్ వేగాన్ని, మీరు తెరిచిపెట్టిన ట్యాబ్‌లను, మీ ఎక్స్‌టెన్షన్లను అది లెక్కలోకి తీసుకోదు. మీ ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ తిరుగుతున్నది ఆ లెక్కలోకి రానివాటి వల్లే.

కాబట్టి పరీక్ష మీరే పెట్టండి. క్రోమ్‌లో కుడిపక్క పైన మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే గెస్ట్ అని ఉంటుంది. అందులో ఎక్స్‌టెన్షన్లు ఏవీ పనిచేయవు. రోజూ నెమ్మదిగా తెరుచుకునే సైటు ఒకటి అక్కడ తెరవండి. గెస్ట్‌లో చకచకా వచ్చేసిందంటే తప్పు బ్రౌజర్‌ది కాదు, మీరు దానిమీద వేసిన బరువుది. ఫైర్‌ఫాక్స్‌లో ఇదే పని హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూట్ మోడ్ చేస్తుంది. అక్కడా నత్తనడకే అయితే నెట్ కనెక్షన్‌నో, ఆ సైటునో అనుమానించాలి. ఏ బ్రౌజర్ వేసినా దానికి మందు లేదు.

తర్వాత క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ రెండూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అని చిన్న విండో వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనైతే మెనూలో మోర్ టూల్స్ కింద ఉంటుంది. అందులో ప్రతి ట్యాబ్, ప్రతి ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ తింటున్నదీ, సీపీయూ ఎంత వాడుతున్నదీ వరసగా కనిపిస్తుంది. మెమరీ అన్న మాట మీద క్లిక్ చేస్తే ఎక్కువ తినేది పైకి వస్తుంది. నేను ఏ మెషీన్ ముందు కూర్చున్నా మొదట తెరిచేది ఇదే. ఒక స్కూలు ల్యాబులో 'ఈ కంప్యూటర్ పాడైపోయింది, కొత్తది కొనాలి' అని పక్కన పెట్టేసిన మెషీన్‌లో ఇలాగే చూస్తే, పైన రెండు వరసలూ ఎవరో ఎప్పుడో వేసిన కూపన్ల ఎక్స్‌టెన్షన్‌వి, స్క్రీన్‌షాట్ ఎక్స్‌టెన్షన్‌వి. ఆ రెండూ తీసేశాక పిల్లలు దానిమీదే పనిచేసుకుంటున్నారు.

మూడో పని, క్రోమ్ సెట్టింగ్స్‌లో పర్ఫామెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేయండి. ఎడ్జ్‌లో దాన్ని స్లీపింగ్ ట్యాబ్స్ అంటారు. కాసేపు ముట్టుకోని ట్యాబ్‌ను నిద్రపుచ్చుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. నాలుగు జీబీ మెషీన్‌కి ఇది ప్రాణం పోసినట్టే.

నాలుగోది ప్రకటనలు. చాలా సైట్లలో మీరు చదవడానికి వచ్చిన వ్యాసం కంటే దాని చుట్టూ ఉన్న ప్రకటనల కోడ్, మీరేం చూస్తున్నారో గమనించే ట్రాకర్ల కోడ్ బరువు ఎక్కువ. బ్రేవ్ కొంతమందికి ఫాస్ట్‌గా అనిపించడానికి కారణం ఇంజన్ కాదు. ప్రకటనలను మొదటినుంచీ అది అడ్డుకుంటుంది, దించుకోవాల్సిన సరుకే తగ్గిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే అదే లాభం వస్తుంది. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చాక అక్కడ యూబ్లాక్ పూర్తి రూపం పనిచేయడం లేదు, లైట్ అనే తేలిక రూపం దొరుకుతోంది. మీ పాత ల్యాప్‌టాప్‌కి ఒక్కటే చెప్పమంటే ఫైర్‌ఫాక్స్ వేసి, యూబ్లాక్ తప్ప ఇంకేదీ దానిలో చేర్చకండి అంటాను.

ఇంకొక్క మాట. బ్రౌజర్ మెమరీ తింటోందని అందరూ తిట్టుకుంటారు గానీ, ఆ మెమరీలో కొంత మన భద్రత కోసమే ఖర్చవుతోంది. అదేమిటో కింది ప్రశ్నలో చెబుతాను.

ప్రశ్న: బ్యాంకు పనులన్నీ ఆన్‌లైన్‌లోనే చేస్తాను. మా అబ్బాయి ఫైర్‌ఫాక్స్ సేఫ్ అంటాడు, ఆఫీసులో ఎడ్జ్ మాత్రమే వాడమంటారు, మా తోడికోడలు సఫారీని మించింది లేదంటుంది. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. డబ్బు విషయం కాబట్టి కచ్చితంగా చెప్పండి.

కచ్చితంగా చెబుతానమ్మా. మీరు చెప్పిన మూడూ, వాటితోపాటు క్రోమ్ కూడా, తాజా వెర్షన్‌లో ఉన్నంతకాలం బ్యాంకు పనులకు పనికొస్తాయి. పాతబడితే వాటిలో ఏదీ పనికిరాదు. నా భయమంతా ఈ రెండో వాక్యం గురించే.

ముందు ఆ మెమరీ సంగతి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడ్డాయి. అవి బ్రౌజర్‌లోవి కావు, ప్రాసెసర్లలోవి. ఒక ట్యాబ్‌లో నడిచే చెడ్డ సైటు, అదే ప్రాసెస్‌లో (బ్రౌజర్ లోపల విడిగా నడిచే ఒక గదిలాంటిది) పక్కనే ఉన్న ఇంకో సైటు సమాచారాన్ని మెమరీలోంచి ఊహించి లాగే అవకాశం స్పెక్టర్ వల్ల ఏర్పడింది. దానికి విరుగుడుగా క్రోమ్ ఆ ఏడాదే కంప్యూటర్లలో సైట్ ఐసొలేషన్ తెచ్చింది. అంటే మీ బ్యాంకు సైటు ఒక ప్రాసెస్‌లో, పక్క ట్యాబ్‌లోని వంటల సైటు ఇంకో ప్రాసెస్‌లో, ఆ వంటల సైటులో దూరిన ప్రకటన మరో ప్రాసెస్‌లో నడుస్తాయి. మధ్యలో గోడ. ఇందుకు మెమరీ 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ ఇదే గోడను 2021 చివర్లో అందరికీ ఇచ్చింది. ఇవి కాక శాండ్‌బాక్స్ అనే ఇంకో కంచె ఉంటుంది. పేజీలోని కోడ్ ఏదైనా దారి తప్పినా మీ ఫైళ్ల జోలికి పోకుండా అది ఆపుతుంది. చెడ్డవాడు మీ కంప్యూటర్ దాకా రావాలంటే ఈ కంచె దాటాలి.

దాటలేడా అంటే, దాటినవాళ్లున్నారు. పోన్‌టుఓన్ అని భద్రతా పరిశోధకుల పోటీ ఒకటి 2007 నుంచి జరుగుతోంది. బ్రౌజర్లలో లోపం పట్టి నిరూపించినవాళ్లకి బహుమతి ఇచ్చి, ఆ లోపాన్ని కంపెనీకి అప్పగిస్తారు. 2024 మార్చిలో వాంకూవర్‌లో జరిగిన పోటీలో ఒక్క పరిశోధకుడే సఫారీ, క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ నాలుగింటినీ ఛేదించాడు. మీవాళ్లు ముగ్గురూ చెప్పిన మూడు బ్రౌజర్లూ అందులో ఉన్నాయి చూడండి. ఏదీ అభేద్యం కాదు. నేను చూసేది ఆ తర్వాత ఏం జరిగిందన్నది. ఫైర్‌ఫాక్స్ లోపానికి మొజిల్లా మర్నాడే మందు, అంటే ఆ లోపం సరిచేసిన వెర్షన్, విడుదల చేసింది. అలా చేసే సంస్థ చేతిలో ఉన్న బ్రౌజర్ కావాలి మనకు.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ అనే బొమ్మల ఫార్మాట్‌ను చదివే చిన్న లైబ్రరీలో (చాలా ప్రోగ్రాములు కలిపి వాడుకునే కోడ్ ముక్క) లోపం బయటపడింది. కావాలని చెడగొట్టి తయారుచేసిన బొమ్మ ఉన్న పేజీ తెరిస్తే చాలు, దాడికి దారి దొరుకుతుంది. అప్పటికే ఆ లోపాన్ని వాడి దాడులు జరుగుతున్నాయి కూడా. ఆ లైబ్రరీ క్రోమ్‌లో ఉంది, ఎడ్జ్‌లో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లోనూ ఉంది. క్రోమ్ 11వ తేదీన, ఫైర్‌ఫాక్స్ 12వ తేదీన మందు ఇచ్చేశాయి. ఆ వారం ఒక ఆఫీసులో ఒక్కో మెషీన్ దగ్గరికీ వెళ్లి వెర్షన్ చూశాను. మందు డౌన్‌లోడ్ అయి కూర్చుని ఉంది. పైన మూలన 'అప్‌డేట్' అని బటన్ కనిపిస్తూనే ఉంది. ట్యాబ్‌లు పోతాయేమోనని ఎవరూ నొక్కలేదు.

అమ్మా, మీరు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. అప్‌డేట్ దానంతటదే దిగుతుంది, కానీ బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. ల్యాప్‌టాప్ మూత వేసి తీయడం చాలదు. ట్యాబ్‌లు పోవు, ఆ బటన్ నొక్కితే మళ్లీ అవే తెరుచుకుంటాయి. సగం నింపిన ఫారం ఉంటే మాత్రం ముందు పూర్తి చేసుకోండి.

ఇంత తొందర ఎందుకంటే, క్రోమియం కోడ్ అందరికీ కనిపించే కోడ్. లోపాన్ని సరిచేసిన క్షణం నుంచి, ఆ సవరణ చూసి లోపం ఎక్కడుందో వెనక్కి లెక్కగట్టేవాళ్లుంటారు. సవరణ రాసిన రోజుకీ, అది జనానికి చేరే రోజుకీ మధ్య ఒకప్పుడు సగటున 35 రోజులు పట్టేదని, దాన్ని 15కు తగ్గించామని గూగులే చెప్పింది. 2023 ఆగస్టు నుంచి వారానికోసారి సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది. మిగతా క్రోమియం బ్రౌజర్లు గూగుల్ సవరణను అందుకుని తమ వెర్షన్ విడుదల చేయాలి. ఎడ్జ్, బ్రేవ్ ఈ పని వెంటవెంటనే చేస్తాయి. 'సూపర్ ఫాస్ట్', 'లైట్' అంటూ ఊరూపేరూ తెలియని బ్రౌజర్లు స్టోర్లలో కనిపిస్తాయే, వాటిలో క్రోమియం వెర్షన్ నెలల తరబడి పాతది ఉండొచ్చు. వాటిని బ్యాంకు పనులకే కాదు, దేనికీ వాడొద్దని చెబుతాను. సఫారీకి అప్‌డేట్లు ఎక్కువగా సిస్టమ్ అప్‌డేట్‌తో కలిసి వస్తాయి, అందుకని ఐఫోన్, మ్యాక్ వాడేవాళ్లు దాన్ని వాయిదా వేయకూడదు.

కంప్యూటర్‌లో రెండు బ్రౌజర్లు ఉంచుకుని, ఒకదాన్ని బ్యాంకుకే కేటాయించండి. అందులో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా వద్దు. నేను చాలా ఏళ్లుగా చేస్తున్నది ఇదే.

ప్రశ్న: పీడీఎఫ్‌లు మార్చుకోవడానికి ఒక ఎక్స్‌టెన్షన్ వేయబోతే 'మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవగలదు, మార్చగలదు' అని వచ్చింది. లక్షలమంది వాడుతున్నారు, రేటింగ్ బాగుంది. ఓకే నొక్కేయొచ్చా?

నొక్కకండి. ఆ వాక్యం అక్షరాలా నిజం. పైన చెప్పిన గోడలన్నీ ఒక సైటు నుంచి ఇంకో సైటును కాపాడేవి. ఎక్స్‌టెన్షన్‌కి మీరే తాళం చేతికిచ్చి లోపలికి పిలుస్తున్నారు. మీ మెయిల్, మీ బ్యాంకు పేజీ, మీరు టైప్ చేసేది అన్నీ దానికి కనిపిస్తాయి.

లక్షలమంది వాడటం హామీ కాదు. ది గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చి మెమరీ ఆదా చేసేది. వేగం కోసమే 20 లక్షలమందికి పైగా వేసుకున్నారు, చాలాకాలం నిజాయితీగానే పనిచేసింది. 2020లో దాన్ని తయారుచేసిన వ్యక్తి వేరేవాళ్లకి అమ్మేశాడు. కొన్నవాళ్లు ఎవరో బయటికి తెలియలేదు. తర్వాతి అప్‌డేట్లలో అనుమానాస్పదమైన కోడ్ చేరింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) అని తేల్చి తీసేసింది. వాడేవాళ్లు కొత్తగా ఏ బటనూ నొక్కలేదు, అప్‌డేట్ దానంతటదే వచ్చింది. బ్రౌజర్‌కి రక్షణ అయిన ఆటోమేటిక్ అప్‌డేటే అక్కడ ముప్పు అయింది.

తప్పనిసరిగా కావలసిన ఎక్స్‌టెన్షన్ అయితే, క్రోమ్‌లో దాని వివరాల పేజీలో సైట్ యాక్సెస్ అని ఉంటుంది. అక్కడ 'క్లిక్ చేసినప్పుడు మాత్రమే' ఎంచుకోండి. మీ పీడీఎఫ్ పనికి అసలు ఎక్స్‌టెన్షనే అక్కర్లేదు. ఏ పేజీలోనైనా ప్రింట్ నొక్కి 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటోలో, అంటే చూసినవి గుర్తుంచుకోని విండోలో, తెరిస్తే ఎవరికీ తెలియదు కదా?

మీ తర్వాత అదే కంప్యూటర్ వాడేవాళ్లకి తెలియదు, అంతే. మీ ఇంటర్నెట్ కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి, మీరు వెళ్లిన సైటుకి మామూలుగానే తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవాళ్ల సమాచారం కూడా సేకరిస్తోందని అమెరికాలో గూగుల్ మీద 2020లో కేసు వేశారు. 2024లో రాజీ కుదిరి, అలా సేకరించిన కోట్లాది రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. వైరస్ నుంచి కూడా ఇన్‌కాగ్నిటో కాపాడదు. అందులో డౌన్‌లోడ్ చేసిన ఫైలు మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది.

ప్రశ్న: అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంటే సైటు సేఫ్ అని ఇదివరకు మీరే రాశారనుకుంటా. ఇప్పుడు క్రోమ్‌లో ఆ తాళమే కనిపించడం లేదు. ఏమైంది?

తాళం చెప్పేది ఒక్కటే, మీకూ ఆ సైటుకూ మధ్య ప్రయాణించే సమాచారం మధ్యలో ఎవరూ చదవలేరని. అవతల ఉన్నవాడు మంచివాడా, మోసగాడా అన్నది అది చెప్పదు. ఈరోజుల్లో నకిలీ బ్యాంకు సైటుకి కూడా తాళం ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని 'నమ్మదగ్గది' అన్న ముద్రగా తీసుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ బొమ్మ తీసేసి సెట్టింగ్స్ గుర్తు పెట్టింది.

నకిలీని పట్టుకోవడానికి తాళం కంటే మంచి ఉపాయం ఉంది. మీ బ్యాంకు పాస్‌వర్డ్ బ్రౌజర్‌లోగానీ, పాస్‌వర్డ్ మేనేజర్‌లోగానీ దాచి ఉంటే, అది అసలు అడ్రస్‌లో మాత్రమే తనంతట తాను నింపుతుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా నింపదు. మన కన్ను మోసపోతుంది, అది మోసపోదు. రోజూ దానంతటదే నిండే పెట్టె ఒకరోజు ఖాళీగా కనిపిస్తే, చేత్తో టైప్ చేసే ముందు ఆగి అడ్రస్ చూడండి. ఇలా దాచుకునేవాళ్లు కంప్యూటర్‌కి లాక్ తప్పకుండా పెట్టుకోవాలి. ఇల్లంతా వాడే మెషీన్ అయితే విండోస్‌లో ఎవరి అకౌంట్ వారికి ఉండాలి.

ప్రశ్న: ఐఫోన్‌లో సఫారీ బదులు క్రోమ్ వేస్తే స్పీడ్ పెరుగుతుందా?

పెరగదు. ఐఫోన్‌లో అన్ని బ్రౌజర్లూ వెబ్‌కిట్ ఇంజన్‌నే వాడాలన్నది ఆపిల్ నియమం. 2024 మార్చిలో యూరోపియన్ యూనియన్ దేశాల వరకు ఆ నియమం సడలించారు. మీ బుక్‌మార్క్‌లు, పాస్‌వర్డ్‌లు క్రోమ్‌లో ఉంటే ఆ సౌకర్యం కోసం వేసుకోండి.

ప్రశ్న: మా నాన్నగారి కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది. క్రోమ్ బాగానే పనిచేస్తోంది. అయినా మార్చాలా?

మార్చాలి. విండోస్ 7కి వచ్చిన ఆఖరి క్రోమ్ 109, అది 2023 జనవరి నాటిది. పైన చెప్పిన వెబ్‌పీ లోపం బయటపడింది దాని తర్వాతే. పేజీలు తెరుచుకుంటున్నాయి కాబట్టి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మెషీన్ మార్చే వీలు లేకపోతే విండోస్ బదులు తేలికైన లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేయించి, అందులో తాజా ఫైర్‌ఫాక్స్ పెట్టించండి. వార్తలు, వీడియోలు, మెయిల్ చూసుకునే పెద్దవాళ్లకి రెండు రోజుల్లో అలవాటైపోతుంది. అప్పటివరకు ఆ కంప్యూటర్‌లో బ్యాంకు తెరవనివ్వకండి.

ప్రశ్న: స్క్రీన్ మూలన 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని గంటకోసారి వస్తోంది. బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశాను. మళ్లీ వస్తోంది.

అది వైరస్ కాదు, నోటిఫికేషన్. ఎప్పుడో ఒక సైటులో 'మీరు రోబోట్ కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అంటే నొక్కి ఉంటారు. బ్రౌజర్ తీసేసినా దాని పాత డేటా కంప్యూటర్‌లో మిగిలి ఉంటే, మళ్లీ వేయగానే ఆ అనుమతి తిరిగి వస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దానిలో సైట్ సెట్టింగ్స్, దానిలో నోటిఫికేషన్స్ తెరవండి. అనుమతి ఇచ్చిన సైట్ల జాబితా కనిపిస్తుంది. గుర్తుపట్టలేని ప్రతి పేరునూ తీసేయండి. పైన 'సైట్లు నోటిఫికేషన్ అడగకుండా ఆపు' అన్న అర్థం వచ్చే వరస ఉంటుంది, దాన్ని ఎంచుకోండి. ఆ పెట్టెలో కనిపించిన ఫోన్ నంబరుకి గానీ, 'క్లీన్ చేయండి' అన్న బటన్‌కి గానీ ఇప్పటికే స్పందించి ఉంటే, ముందు వేరే కంప్యూటర్ నుంచి మీ మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చేయండి. తర్వాత ఈ కంప్యూటర్‌లో ఈమధ్య కొత్తగా చేరిన ప్రోగ్రాములేమిటో చూసి నాకు రాయండి.